పొడుగు చేతుల చొక్కా మాటున

మయన్మార్ సరిహద్దున ఉన్న మణిపూర్‌లో హెరాయిన్ సూదులు వేసుకునేవారిలో హెచ్‌ఐవీ తొలిసారి 1989లో బయటపడింది. ఏడాది తిరక్కుండానే వారిలో దాదాపు సగం మందికి సోకింది. ఒకే సూది చేతులు మారడమే ఇందుకు కారణం. ఆ సూది పోటు చర్మం మీద కూడా తన గుర్తులు వదిలిపోతుంది.

హెరాయిన్ దొరకనప్పుడు కొందరు నొప్పి మందు క్యాప్సూళ్లు విప్పి, పొడిని నీళ్లలో కలిపి ఎక్కించుకునేవారు. నోటితో మింగడానికి చేసిన ఆ పొడి పూర్తిగా కరగదు. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని రక్తాన్ని అడ్డుకుంటుంది. చుట్టూ ఉన్న కండ చచ్చి, బ్యాక్టీరియా చేరి చీముగడ్డలు, లోతైన పుండ్లు పడతాయి. కొందరికి చెయ్యో కాలో తీసేయాల్సి వచ్చింది.

హెచ్‌ఐవీ చేసే నష్టం ముందుగా నోట్లో కనిపించవచ్చు. కాండిడా అనే శిలీంధ్రం ఆరోగ్యవంతుల నోట్లోనూ ఉంటుంది. దాన్ని అదుపులో ఉంచే సీడీ4 అనే రోగనిరోధక కణాలు హెచ్‌ఐవీ వల్ల ఘన మిల్లీమీటరు రక్తంలో 200 కంటే తగ్గితే నాలుక మీద, అంగిలి మీద పెరుగు తరకల్లా తెల్లపూత పేరుకుంటుంది. గీకితే ఊడి, కింద ఎర్రగా కనిపిస్తుంది. నాలుక పక్కల గీకినా ఊడని తెల్లటి గరుకు మచ్చలుంటే అది వేరు, ఎప్‌స్టీన్-బార్ వైరస్ పని. మింగుతుంటే నొప్పి పుడితే పూత అన్నవాహికకు దిగిందేమోనని వెంటనే చూపించుకోవాలి. అది ఎయిడ్స్ దశకు గుర్తు.

మణిపూర్‌లో హెచ్‌ఐవీ ఉన్నవారికి మరో ముప్పు టలరోమైసిస్ మార్నెఫై అనే శిలీంధ్రం. ముఖం మీద నడుమ గుంట పడిన పొక్కులు లేస్తాయి. మొటిమలని వదిలేస్తే ఒళ్లంతా పాకి ప్రాణం తీస్తుంది. గుర్తిస్తే ఆంఫోటెరిసిన్, ఇట్రాకొనజోల్ మందులున్నాయి.

గుర్తించడమే కష్టం. సూది మచ్చలు కనబడతాయని రోగి ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కా విప్పడు. మచ్చలు చూసిన వైద్యుడు ‘మత్తు కేసు’ అని అక్కడితో ఆగిపోతే, నోరు తెరిచి చూసేవారే ఉండరు. నా దృష్టిలో ఆ చీదరింపు కూడా జబ్బును ముదరబెడుతుంది.

హెచ్‌ఐవీని అణచే ఏఆర్‌టీ మందులతో సీడీ4 కణాలు పెరిగితే ఈ నోటి, చర్మ వ్యాధులు చాలావరకు తగ్గుతాయి. మందులు మొదలెట్టిన తొలి నెలల్లో, రోగనిరోధక శక్తి కోలుకుంటున్నప్పుడే, సర్పి లాంటివి పైకి రావచ్చు. అది చూసి మందులు మానకండి, వైద్యుడికి చూపించండి.

ప్రభుత్వ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష, ఏఆర్‌టీ ఉచితం. హెచ్‌ఐవీ ఉన్నవారికి వైద్యం నిరాకరించడాన్ని 2017 నాటి చట్టం నిషేధిస్తోంది. సలహా కావాలంటే 1097కు ఫోన్ చేయండి.