పాత పికప్‌కి రెండో డీజిల్ ట్యాంకా? యానాం లెక్క వేసే ముందు ఇది చదవండి

ఆత్రేయపురం నుంచి అరటి గెలలో, కొబ్బరికాయలో, పూతరేకుల అట్టపెట్టెలో వేసుకుని అమలాపురం వైపు వెళ్లే పాత పికప్ ఓనర్‌కి ఈ ఆలోచన రావడం సహజమే. బండికి ఇంకో యాభై లీటర్ల ట్యాంకు తగిలిస్తే పోలా? ఎదుర్లంక వంతెన దాటి యానాంలో రెండు ట్యాంకులూ ఫుల్ కొట్టించుకుని వచ్చేయొచ్చు కదా!

రేటులో తేడా నిజమే. యానాం పుదుచ్చేరి కింద ఉంటుంది, అక్కడ వ్యాట్ తక్కువ. మన దగ్గర వ్యాట్ శాతం మీద లీటరుకు నాలుగు రూపాయల అదనపు వ్యాట్, ఆపైన రూపాయి రోడ్డు సెస్ కూడా పడుతున్నాయి. అందుకే ఈమధ్య సంవత్సరాల్లో డీజిల్ మీద తేడా లీటరుకు పది రూపాయల అటూఇటూ ఉంటూ వస్తోంది.

మరి ట్యాంకు పెట్టించాలా వద్దా? ముందు డబ్బుల లెక్క చూద్దాం.

యాభై లీటర్ల మీద మిగిలేది ఎంత?

లీటరుకు పది చొప్పున యాభై లీటర్లకు మిగిలేది 500 రూపాయలు. ఆత్రేయపురం నుంచి రావులపాలెం, కొత్తపేట, అమలాపురం, ముమ్మిడివరం మీదుగా యానాం డెబ్భై కిలోమీటర్లకు పైనే. రానూపోనూ 150 అనుకోండి. పాత పికప్ లీటరుకు 12 ఇచ్చిందనుకున్నా పన్నెండున్నర లీటర్లు దారిలోనే కాలిపోతుంది. అంటే వెయ్యి రూపాయలు దాటేసింది. కంపెనీ ట్యాంకు కూడా అక్కడే నింపినా మొత్తం మిగులు వెయ్యి దగ్గరే ఆగుతుంది. డీజిల్ కోసమే యానాం వెళ్తే జేబులో డబ్బు పోయినట్టే.

లోడు ఎలాగూ అటే వెళ్తుంటే వేరే మాట. వారానికోసారి ట్రిప్పు పడితే నెలకు రెండు వేలు మిగలొచ్చు. ఆ రెండు వేల కోసం బండికి ఏం చేస్తున్నామన్నదే అసలు ప్రశ్న.

ట్యాంకు ఎక్కడుంటే ఏం ప్రమాదం?

రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులో పెట్రోల్ ట్యాంకు డ్రైవర్ సీటు కిందే. సీటు ఎత్తితేనే మూత కనపడేది. దాదాపు 57 లీటర్ల పెట్రోల్ మీద కూర్చుని యుద్ధానికి వెళ్లారన్నమాట! మహీంద్రా మన దేశంలో తయారు చేసిన పాత జీపులది కూడా అదే వంశం. ఇప్పటికీ అలాంటివాటిని ముచ్చటగా పెయింట్ వేయించి తిప్పుతున్నవాళ్లున్నారు. వాళ్లలో కొందరికి ట్యాంకును సీటు కింద నుంచి వెనక్కి మార్చాలని ఉంటుంది. ఆ కోరికలో తప్పులేదు. ఎక్కడికి మారుస్తున్నారన్నదే ముఖ్యం.

దీనికి అమెరికాలో పెద్ద ఉదాహరణ ఉంది. అక్కడ 1960ల నాటి షెవర్లే పికప్‌లలో ట్యాంకు క్యాబిన్ లోపలే, సీటు వెనకాల ఉండేది. 1973 మోడల్ నుంచి జనరల్ మోటార్స్ దాన్ని బయటికి తెచ్చింది. ఒకటి కాదు, కావాలంటే రెండు ట్యాంకులు, చెరో పక్కన. కానీ పెట్టింది ఛాసిస్ పట్టీలకు బయటి వైపు. పక్క నుంచి ఇంకో బండి గుద్దితే ట్యాంకుకూ దానికీ మధ్య పల్చటి రేకు తప్ప ఏమీ లేదు. 1987 వరకు అలాగే వచ్చాయి. ఈ డిజైన్ వల్ల చెలరేగిన మంటల్లో సుమారు 150 మంది చనిపోయారని 1994 అక్టోబర్‌లో అమెరికా రవాణా శాఖ చెప్పింది. కంపెనీ ఒప్పుకోలేదు. చివరికి అదే ఏడాది డిసెంబర్‌లో రీకాల్ లేకుండానే రాజీ కుదిరింది. భద్రతా కార్యక్రమాలకు కంపెనీ 5 కోట్ల 10 లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది.

ఈ కథలో టీవీ వాళ్ల తప్పు కూడా ఉంది. 1992లో ఎన్‌బీసీ ఛానల్ ఈ ట్రక్కుల మీద చేసిన ప్రోగ్రాంలో మంట కచ్చితంగా అంటుకోవాలని ట్రక్కు కింద నిప్పు రవ్వలు పుట్టించే పరికరాలు పెట్టారు. అది బయటపడటంతో 1993 ఫిబ్రవరిలో ఆ ఛానల్ ప్రేక్షకులకు క్షమాపణ చెప్పింది. వీడియోలో ట్రక్కు పేలింది కాబట్టి ప్రమాదం నిజమని గానీ, వీడియో దొంగది కాబట్టి ప్రమాదమే లేదని గానీ అనుకోవడానికి వీల్లేదు.

ఇప్పుడు అక్కడ పాత ట్రక్కుల మీద మోజున్నవాళ్లు క్యాబిన్‌లోని ట్యాంకు తీసేసి, వెనక తొట్టి కింద, రెండు ఛాసిస్ పట్టీల మధ్యలో బిగిస్తున్నారు. పక్క నుంచి దెబ్బ తగిలితే ముందు ఛాసిస్ ఉక్కు ఆపుతుందని ఈ ఏర్పాటు. అలాగని వెనక బంపర్‌కి మరీ దగ్గరగా ఉన్నా మంచిది కాదు, సైలెన్సర్ పైపు పక్కనున్నా మంచిది కాదు.

మన రోడ్డు మీద ఇంకో చిక్కు

బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం, లొల్ల లాకుల వైపు కాలవ గట్టు రోడ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. గుంత, స్పీడ్ బ్రేకర్, మళ్లీ గుంత. కిందికి వేలాడేలా కట్టిన ట్యాంకుకి రాయి తగిలితే కారేది పక్కనున్న కాలవలోకే. పోనీ తొట్టిలోనే పెడదామంటే సరుకుకి డీజిల్ వాసన పడుతుంది. పొర మీద పొరగా ఉండే పూతరేకు వాసన ఇట్టే లాగేస్తుంది. భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు కిరసనాయిలు కంపు కొడితే కొనేవాడెవడు?

బరువు సంగతి కూడా ఉంది. యాభై లీటర్ల డీజిల్ నలభై కిలోల పైమాటే. ట్యాంకు, బ్రాకెట్లు కలిస్తే ఒక మనిషి బరువు. పైగా అది కదిలే బరువు. లోపల అడ్డ పలకలు లేని లోకల్ ట్యాంకులో సగం డీజిల్ ఉంటే, మలుపులో అదంతా ఒక పక్కకి కొట్టుకుంటుంది.

రిటర్న్ పైపు మర్చిపోతే?

డీజిల్ ఇంజిన్‌కి వెళ్లిందంతా కాలదు. మిగిలింది రిటర్న్ పైపులో ట్యాంకుకి తిరిగొస్తుంది. ఇప్పుడు రెండో ట్యాంకు నుంచి లాగుతూ, రిటర్న్ మాత్రం మొదటి ట్యాంకులోకే వదిలారనుకోండి. అది అప్పటికే నిండుగా ఉంటే? మూత దగ్గర పొంగి రోడ్డు మీద కారుతుంది. వెనకొచ్చే బైకువాడు డీజిల్ మీద జారతాడు. అందుకే ట్యాంకు మార్చే వాల్వు లాగే పైపునీ, రిటర్న్ పైపునీ ఒకేసారి మార్చేదై ఉండాలి. మామూలు ట్యాప్ ఒకటి పెట్టి వదిలేస్తే పనికాదు.

ఇంకోటి, గాలి రంధ్రం. దీన్ని మూసేస్తే డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి పలచబడి బండి దారి మధ్యలో ఆగిపోతుంది. మెకానిక్ పంపు పోయిందంటాడు, మూత తీసిన మరుక్షణం స్టార్ట్ అవుతుంది! ఆ రంధ్రం బురద నీళ్లు చేరని ఎత్తులో ఉండాలి. మన గాలిలో తేమ ఎక్కువ కదా, సగం ఖాళీగా ఉండే ట్యాంకు గోడలకు నీటి చెమట పట్టి అడుగున చేరుతుంది. అడుగున డ్రెయిన్ బోల్టు లేని ట్యాంకు వద్దు.

పెట్రోల్ జీపైతే ఇంకా జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. నలభై ఏళ్ల నాటి రబ్బరు పైపులు దానికి తట్టుకునేలా చేసినవి కావు. ట్యాంకు మార్చినా మార్చకపోయినా ఆ పైపులు మార్చండి.

ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం

ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. చిల్లు పడ్డ పాత ట్యాంకును ఖాళీ చేసి నేరుగా వెల్డింగ్‌కి పెట్టొద్దు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదకరం. ద్రవం పోయినా లోపల ఆవిరి ఉంటుంది. గాలిలో పెట్రోల్ ఆవిరి ఒకటిన్నర శాతం నుంచి ఏడున్నర శాతం వరకు ఉంటే చాలు, ఒక్క రవ్వకి ట్యాంకు బాంబులా పేలుతుంది. డీజిల్ ట్యాంకు కూడా వెల్డింగ్ వేడికి అదే పని చేస్తుంది. తుప్పు పొరల్లో దాక్కున్న డీజిల్ వేడికి ఆవిరవుతుంది. ఒకసారి నీళ్లతో కడిగి "అయిపోయింది" అనే షాపు నుంచి బండి వెనక్కి తెచ్చుకోండి. ఇలాంటి పని తెలిసినవాళ్లే చేయాలి. కొత్త ట్యాంకు ఖరీదెంతైనా ఆ పేలుడు కంటే చవకే.

ఆర్సీ, ఇన్సూరెన్స్ మాటేంటి?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖరాఖండిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో శిక్ష కూడా చేరింది. అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. సెక్షన్ 52లో అదనపు డీజిల్ ట్యాంకు అని విడిగా పేరు పెట్టి రాయలేదు. అందుకే ఫిట్‌నెస్ రోజున బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఏమంటారో అన్న టెన్షన్ కంటే, పని మొదలెట్టకముందే రవాణా శాఖ ఆఫీసులో రాతపూర్వకంగా అడగడం మేలు. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ముందే చెప్పాలి. చెప్పని మార్పు ఉన్న బండి కాలిపోతే క్లెయిమ్ దగ్గర మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

50 ఏళ్లు దాటిన జీపుని వింటేజ్ కింద రిజిస్టర్ చేయిద్దామనుకునేవాళ్లు ఇంకా ఆలోచించాలి. 2021లో వచ్చిన ఆ రూల్స్ అసలు రూపంలో ఉన్న బండ్ల కోసమే. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. బాడుగకు తిప్పడం ఎలాగూ కుదరదు.

మా సలహా అడిగితే, సరుకు బండికి రెండో ట్యాంకు ఆలోచన మానేసి ఉన్న ట్యాంకుని కంపెనీ చోటులోనే కొత్తది వేయించండి. ఏ ట్యాంకు పని చేయించినా ఒక పరీక్ష తప్పనిసరి. ఫుల్ కొట్టించి రాత్రంతా బండి కింద శుభ్రమైన అట్ట పరిచి ఉంచండి. పొద్దున్నే అట్ట మీద ఒక్క చుక్క కనపడినా లోడు ఎక్కించొద్దు.