సైబరాబాద్ బైకర్లూ పక్కవాళ్ల నిద్రా

సరదా కోసం మోటార్‌సైకిల్ నడపడం హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో వారాంతపు అలవాటుగా స్థిరపడింది. 1998 నవంబర్ 22న సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో లక్షల మంది యువత ఉద్యోగాలకు చేరారు. చేతిలో జీతం, శని ఆదివారాల సెలవు, ఊరు దాటి గంటన్నర పోతే అనంతగిరి కొండలు. ఇవన్నీ కలిసొచ్చి పెద్ద ఇంజిన్ బండ్ల మోజు పెరిగింది. ఆఫీసుకు వెళ్లేవాళ్లకూ, ఇంటింటికీ భోజనం చేరవేసే కుర్రాళ్లకూ బండి బతుకుతెరువు. ఆదివారం బైకర్‌కు అది ఆనందం. పనిమీద రోడ్డెక్కినవారి కంటే సరదాకు రోడ్డెక్కినవారే ఎక్కువ ఓర్పు చూపడం న్యాయం.

అన్నిటికంటే ఎక్కువ ఫిర్యాదులు చప్పుడు గురించే. ఈ ప్రాంతంలో నిద్రవేళలు మిగతా ఊరికి ఉన్నట్టు ఉండవు. అమెరికా వేళలకు పనిచేసే ఉద్యోగి తెల్లవారుజామున క్యాబ్ దిగి, అప్పుడే కళ్లు మూస్తాడు. సరిగ్గా ఆ సమయానికే రైడ్‌కు బయల్దేరే బైకులు సెల్లార్లలో స్టార్ట్ అవుతాయి. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు (2000) రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు వరకు అని నిర్వచించాయి. ఆ వేళల్లో నివాస ప్రాంతంలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు. అంటే, బైకర్ లెక్కలో ఐదింటికి తెల్లారినా చట్టం లెక్కలో అది ఇంకా రాత్రే.

కంపెనీ నుంచి వచ్చే బండికి శబ్ద పరిమితి ఉంది. 175 సీసీ దాటిన ఇంజిన్లకు అది 80 డెసిబెల్స్. ఇంజిన్‌లోంచి అధిక ఒత్తిడితో వెలువడే పొగ సైలెన్సర్ లోపలి గదుల్లో తిరిగి, నెమ్మదించి బయటికొస్తుంది. ఆ గదులు తీసేసిన గొట్టం బిగిస్తే ఒత్తిడంతా చప్పుడుగా మారుతుంది. డెసిబెల్ కొలత కూడా మామూలు అంకెల్లా పెరగదు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి పది రెట్లవుతుంది, చెవికి దాదాపు రెట్టింపు వినిపిస్తుంది. చప్పుడు ఎక్కువుంటే ఎదుటివాళ్లు గమనించి తప్పుకుంటారని, అది తమకు రక్షణ అని కొందరు బైకర్లు గట్టిగా నమ్ముతారు. ఈ వాదనలో బలం తక్కువ. సైలెన్సర్ మూతి వెనక్కి తిరిగి ఉంటుంది. అద్దాలెత్తి, ఏసీ వేసుకుని ముందు పోతున్న కారులోని మనిషికి ఆ చప్పుడు ఆలస్యంగా చేరుతుంది. నాలుగో అంతస్తులో పడుకున్న పసిపాపకు మాత్రం ఆలస్యం లేకుండా చేరుతుంది.

దీనికి పరిష్కారం కష్టమైనదేమీ కాదు. బండిని గేటు దాకా తోసుకెళ్లి, మెయిన్ రోడ్డు దగ్గర స్టార్ట్ చేయవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న బీఎస్-6 ప్రమాణాల బండ్లలో చాలావాటికి ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ ఇంజెక్షనే అందిస్తుంది కాబట్టి, నిలబెట్టి రేజ్ చేస్తూ వేడెక్కించాల్సిన పని లేదు. అందరూ కలుసుకునే చోటు అపార్ట్‌మెంట్ల కింద కాకుండా పెట్రోల్ బంకు దగ్గర పెట్టుకుంటే సగం గొడవ తీరుతుంది.

రోడ్డు కూడా అందరిదీ. 2020 సెప్టెంబర్ 25న ప్రారంభమైన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద కొత్తలో వారాంతాల్లో వాహనాలు ఆపి, నడిచేవాళ్లకు వదిలేవారు. ఇప్పటికీ జనం అక్కడికి షికారుకు వస్తారు. ఫొటో కోసం వంతెన మీద బండి ఆపితే వెనకొచ్చేవాళ్లకు ప్రమాదం. ఇక టీ-హబ్, నాలెడ్జ్ సిటీ పరిసరాల్లో అర్ధరాత్రి రేసులు, ముందు చక్రం గాల్లోకి లేపే వీలీలు చేసేవాళ్ల మీద పోలీసులు కేసులు పెడుతూనే ఉన్నారు. ఖాళీగా కనిపించే ఆ రోడ్ల మీదే షిఫ్ట్ ముగించుకున్నవాళ్లు నడుస్తుంటారు, పారిశుద్ధ్య కార్మికులు ఊడుస్తుంటారు. పైగా కట్టడాలు ఆగని ప్రాంతం కావడంతో తారు మీద ఇసుక, కంకర ఎప్పుడూ ఉంటాయి. 2021 సెప్టెంబర్ 10న నటుడు సాయి ధరమ్ తేజ్ బైకు జారి తీవ్రంగా గాయపడింది కేబుల్ బ్రిడ్జి దగ్గరే.

ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంపైకి ద్విచక్ర వాహనాలను అనుమతించరు. బైకులకు మిగిలేది సర్వీస్ రోడ్డు. దాని వెంటే నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు 2023 అక్టోబర్ 1న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. సోలార్ పలకల నీడలో సాగే ఆ దారి సైకిళ్లది. ట్రాఫిక్ తప్పించుకోవడానికి మోటార్ బండి అందులోకి తిప్పడం ఏ కారణంతోనూ సమర్థించలేని పని.

గుంపుగా వెళ్లేటప్పుడు ముందు నడిచేవాణ్ని లీడ్ అనీ, చివర వచ్చేవాణ్ని స్వీప్ అనీ పిలుస్తారు. మధ్యవాళ్లు కుడి, ఎడమలుగా ఎడం పాటిస్తూ, ముందు బండికి కనీసం రెండు సెకన్ల దూరంలో ఉండాలి. గంటకు అరవై వేగంలో అది సుమారు 33 మీటర్లు. ముప్పై బండ్లు ఒకే వరుసగా పోతే వెనక వచ్చే బస్సు, అంబులెన్స్ దాటలేవు. ఐదారు బండ్ల చొప్పున విడిపోతే ఆ ఇబ్బంది ఉండదు. జంక్షన్‌లో ఒకరు అడ్డంగా నిలబడి ట్రాఫిక్ ఆపి, తమ గుంపును పంపించే అలవాటు కొన్ని బృందాల్లో ఉంది. ఆ అధికారం ట్రాఫిక్ పోలీసులది, బైకర్లది కాదు.

ఊరు దాటాక మర్యాద రూపం మారుతుంది. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా వికారాబాద్ వైపు పోయే దారి బైకర్లకు ఎంతో ఇష్టమైనది. మర్రిచెట్లు రెండు వైపులా గొడుగు పడతాయి. రోడ్డు విస్తరణ నుంచి వాటిని కాపాడాలని పర్యావరణ ప్రేమికులు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లారు. ఆ చెట్ల కిందే రైతులు కూరగాయలు పెట్టుకుని అమ్ముతారు. 2024 డిసెంబర్‌లో ఆలూరు దగ్గర వాళ్ల మీదికి లారీ దూసుకెళ్లి పలువురు మరణించారు. అక్కడ బైకు వేగం తగ్గడానికి ఇంకో కారణం అక్కర్లేదు. కోతల కాలంలో పల్లెల్లో రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు. అలా ఆరబోయడం ప్రమాదమే. అయినా ఆ రాశి ఒక కుటుంబం ఆరునెలల కష్టం, దాని మీదుగా టైరు పోనివ్వకూడదు. గొర్రెల మంద ఎదురైతే హారన్ కొట్టకుండా ఇంజిన్ ఆపి నిలబడితే చాలు, కాపరి నిమిషంలో దారిస్తాడు. అనంతగిరిలో అనంత పద్మనాభస్వామి గుడి ముందు రేజ్ చేయకుండా ఉండడం కూడా ఇందులో భాగమే.

శ్రీశైలం రైడ్‌కు పోయేవాళ్లు అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్లాలి. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మన్ననూర్ చెక్‌పోస్టు మూసి ఉంటుంది. అది జంతువులు రోడ్డు దాటే సమయం. గేటు తెరిచాక కూడా కోతులకు తిండి వేయడం, ప్లాస్టిక్ వదలడం తగదు. తిండికి అలవాటుపడిన కోతి రోడ్డు విడిచి వెళ్లదు, చివరికి ఏదో బండి కింద పడుతుంది.

ఇలా దూరాలు తిరిగినవాళ్లలో హైదరాబాద్ మహిళలూ ఉన్నారు. 2018లో జై భారతి నాయకత్వంలో నలుగురు ఇక్కడి నుంచి బయల్దేరి, ఆగ్నేయాసియా వరకు సుమారు 17,000 కిలోమీటర్లు నడిపారు. తర్వాత ఆమె మోవో సంస్థ ద్వారా సాధారణ మహిళలకు ద్విచక్ర వాహనం నేర్పుతున్నారు. రోడ్డు మీద ఆడవాళ్ల బండి కనిపించగానే పక్కకొచ్చి రేజ్ చేసే కుర్రకారు ఉన్నంతవరకు ఆ శిక్షణ కేవలం క్లచ్, బ్రేకుల శిక్షణ కాలేదు.

నడిపేది ఎవరైనా, వెనక కూర్చున్నవారికి కూడా ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. నాలుగేళ్లలోపు పిల్లలుంటే బెల్టు, హెల్మెట్ పెట్టి, వేగం నలభై దాటకుండా నడపాలని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది.

దారిలో ప్రమాదం కనబడితే చాలామంది పోలీసు కేసుకు భయపడి ముందుకు పోతారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ ప్రకారం, మంచి మనసుతో సాయం చేసినవారిపై కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 108కి ఫోన్ చేసి, గాయపడినవారి హెల్మెట్ తొందరపడి లాగకుండా, మెడ కదలకుండా చూసి, వెనక వచ్చే వాహనాలను హెచ్చరించడానికి కొంత దూరంలో ఒక బండిని లైట్లు వెలిగించి నిలపడం గుంపుగా ఉన్న బైకర్లు అందరికంటే బాగా చేయగలరు.