కేసు తేలేదాకా ఆగితే గడువు దాటిపోతుంది

పోయిన ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూస్తుండగా ఒక తల్లి మా దగ్గరకు వచ్చారు. పెద్ద కొడుకును పోలీసులు తీసుకెళ్లి, నాలుగో రోజు గానీ కోర్టుకు తేలేదట. బెయిలు మీద వచ్చి రెండేళ్లయింది. కేసు ఇంకా నడుస్తోంది. "కేసు కొట్టేశాక పరిహారం అడుగుదామని ఆగాం సార్" అన్నారామె. ఏం చెప్పాలో ఆ పూట మాకు తోచలేదు. తర్వాత న్యాయవాదులను అడిగి తెలుసుకున్నది దాతలతో పంచుకుంటున్నాం.

అరెస్టుకు కారణం చెప్పాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం. దీన్ని మీరితే అక్రమ నిర్బంధం. కక్షతో తప్పుడు కేసు పెట్టడం వేరే సంగతి. 1963 నాటి కాలపరిమితి చట్టం ఈ రెండింటికీ వేర్వేరు గడువులు పెట్టింది. మొదటిదానికి నిర్బంధం ముగిసిన రోజు నుంచి ఏడాది. రెండోదానికి నిర్దోషిగా తేలిన రోజు నుంచి ఏడాది. అంటే తీర్పు కోసం ఆగినవారికి మొదటి దావా చేజారినట్టే.

రిట్ దారి కూడా ఉంది. బీహార్‌కు చెందిన రుదల్ షా 1968లో నిర్దోషిగా తేలినా 1982 దాకా జైల్లోనే ఉన్నాడు. 1983లో సుప్రీంకోర్టు అతనికి 30,000 రూపాయలు ఇప్పించింది, సివిల్ దావా హక్కునూ మిగిల్చింది.

అయితే నిర్దోషి అనిపించుకోవడం ఒక్కటే చాలదు. 2007 మక్కా మసీదు పేలుడు కేసులో నిర్దోషులుగా బయటపడిన యువకులకు ప్రభుత్వం ఇచ్చిన పరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టివేసింది. అరెస్టే చట్టవిరుద్ధమని చూపాలి. అందుకు కాగితాలు కావాలి. డి.కె. బసు కేసు తీర్పు ప్రకారం అరెస్టు మెమోలో తేదీ, సమయం, సాక్షి సంతకం ఉండాలి. ఆ మెమో, రిమాండు రిపోర్టు, వైద్య పరీక్ష కాగితం నకళ్లు మొదటి వారంలోనే తీసి దాచుకోవాలి.

కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. కోర్టుకు తిరిగే బస్సు చార్జీలు, ఆగిపోయిన తమ్ముడి ఫీజు మాత్రం ఎవరూ ఇవ్వరు. మీ విరాళం అక్కడ అక్కరకొస్తుంది.

ఆ తల్లికి మొదటి గడువు పోయింది. రెండోది ఇంకా మొదలే కాలేదు. ఈసారి తేదీ మేమే రాసిపెట్టుకున్నాం.