మంచు ఆఱులోపల: శరత్కాలమున సద్దియు, ఇంటి చదువును

భాద్రపద బహుళ అమావాస్య సమీపించెనా, సికింద్రాబాదు మోండా మార్కెట్టులో తంగేడు, గునుగు, బంతిపూలు గంపలకొలది దిగును. జొన్నచేలలో కలుపని మనము పెఱికి గట్టున పాఱవేయు గునుగునకు ఆ తొమ్మిది దినములును పట్టణమున ధర పలుకును. దానిని చూచినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును. కలుపు తీయుడని ఊరూర ప్రదర్శనములిచ్చి వచ్చినవాడనే, సాయంకాలము ఆ కలుపును రూపాయలిచ్చి కొని యింటికి గొనిపోవుచుందును.

పల్లెలలో ఆ దినములే మిక్కిలి పని గలవి. తొలకరిలో విత్తిన పత్తి మొదటి ఏఱుడునకు వచ్చును. మొక్కజొన్న కంకులు విఱువవలెను, సోయాచిక్కుడు నూర్పిడి కావలెను, వెనువెంటనే శనగకు దుక్కి సిద్ధము చేయవలెను. ఆ సమయముననే బడులకు దసరా సెలవులు సుమారు రెండు వారములు వచ్చును. సెలవులు పిల్లల విశ్రాంతి కొఱకే గాని, రైతుల యింట పదిపండ్రెండేండ్ల ఆడపిల్లకు విశ్రాంతి యెక్కడిది? తల్లి చేనికి పోవును గనుక పొయ్యి ఆమె పాలగును. చంటివాడు ఆమె చంకనెక్కును. సెలవులు ముగిసినను పత్తి ముగియదు. రెండవ ఏఱుడు, మూడవ ఏఱుడు సంక్రాంతివఱకు సాగును. “ఈ వారము పని తీఱనిమ్ము, వచ్చే వారము బడికి పంపెదము” అని తల్లిదండ్రులనుట నేను ప్రతియేటను వినుచున్నాను. కొందఱి విషయమున ఆ వచ్చే వారము రానే రాదు.

మా అక్క విషయమున రాలేదు. ఆమె నాకంటె నాలుగేండ్లు పెద్దది. నాలుగవ తరగతి చదువుచుండగా ఒక శరత్కాలమున అమ్మకు చేనిపని మీదబడి, వంట అక్కకు వచ్చినది. కట్టెలపొయ్యి ముందు కూర్చుండి రొట్టెలు తట్టుచు, నడుమనడుమ నా పలకమీది గుణింతములలో తప్పులు దిద్దెడిది. ఆమె దిద్దిన గుణింతములతోనే నేను మిషను బడిలో చేఱితిని. చదివి ఉద్యోగము సంపాదించితిని. ఆమె మఱల బడి గడప త్రొక్కలేదు. మా తల్లిదండ్రులు పిల్లలయెడ ప్రేమలేనివారు గారు. ఆ యింట ప్రొద్దుటి రొట్టెలు చేయుటకు వేఱొకరు లేరు, అంతే. ఒక పూట వంట యొక బాలిక చదువును మ్రింగివేయుననుట అతిశయోక్తివలె దోచవచ్చును. కన్నులార చూచినది గనుక వ్రాయుచున్నాను.

సికింద్రాబాదు కేంద్రముగా పనిచేయు మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను 1981లో స్థాపింపబడినది. 1991 మొదలు వారు రంగారెడ్డి జిల్లా గ్రామములలో పనిపాటలలో మునిగియున్న పిల్లలను బడికి చేర్చు కృషిని చేపట్టిరి. బడి మానిన పిల్లలను కొన్ని నెలలు శిబిరములలో నుంచి, చదువు చెప్పి, వయస్సునకు తగిన తరగతిలో చేర్చెడివారు. ఈ కృషికి నాయకత్వము వహించిన శాంతా సిన్హాగారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది. కూలికి పోవు పిల్ల మాత్రమే గాక, బడికి పోక ఇంట పొయ్యి రాజవేయు పిల్లయు పనిలోనున్న పిల్లయే యని వారి వాదము. మొదట ఈ మాట నాకు కటువుగా దోచినది. మన యింటి పని మన పిల్ల చేసిన తప్పేమి యనుకొంటిని. పిమ్మట మా అక్క జ్ఞప్తికి వచ్చి మిన్నకుంటిని.

ఇక పత్తి సంగతి. మంచు ఆఱనిదే పత్తి ఏఱరాదని నేను ప్రతి ప్రదర్శనమునందును చెప్పు మాట మీరెఱిగినదే. తడిపత్తిని కుప్పవేసిన వేడెక్కి రంగు మాఱును, గింజయు చెడును. సీసీఐ కేంద్రములలో తేమ నూటికి 8 పాళ్లున్న పూర్తి ధర. అంతకు మించినకొలది ధర తగ్గును. 12 దాటిన కొనరు. కావున తెల్లవాఱుజామున చేనికి పరుగెత్తినందువలన లాభము లేదు, నష్టము గలదు. ఆశ్వయుజ కార్తికములలో మా ప్రాంతమున ఆఱు గంటలు దాటిన పిమ్మట ప్రొద్దు పొడుచును. చెట్లమీది మంచు ఆఱునప్పటికి ఇంచుమించు తొమ్మిది యగును. ఈ నడిమి కాలము పత్తి మనకిచ్చిన సెలవు. దానిని పొయ్యి తినుచున్నది. తల్లి రొట్టెలు తట్టుచుండును, పిల్ల నీళ్లు మోయుచుండును, తండ్రి “ఆలస్యమైన”దని కేకలు వేయుచుండును. ఆ వంట ముందునాడే ముగిసియున్నయెడల ఒక గంట మిగులును. ఆ గంటను పిల్లల చదువునకిమ్మని నా మనవి.

చేనినుండి అలసి వచ్చినవారు రాత్రి రెండు పూటలకు వండుట సాధ్యమా యని స్త్రీలు నన్నడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. రాత్రి పొయ్యి ఎట్లును వెలుగును. అదే కుండలో మఱి రెండు సోలల బియ్యము పోసిన వేఱు శ్రమ లేదు. రొట్టెలకు మాత్రము చేయి కావలెను. ఆ చేయి మగవారిది కారాదా? నేను చదివిన మిషను బడి వసతిగృహమున బాలురమే వంతులు వేసికొని వండుకొంటిమి. మొదట కొన్ని రొట్టెలు మాడినవి, పిదప కుదిరినవి. దానివలన మాలో నెవ్వరికిని గౌరవము తగ్గలేదు.

ముందుగా వండి దాచుకొనుట మనకు క్రొత్తది గాదు. తెలంగాణమున సద్ది యనియు, కోస్తాలో చద్ది యనియు దీనికి పేరే యున్నది. బమ్మెర పోతనగారు భాగవత దశమస్కంధమున గోపబాలురు కృష్ణునితో కూడి నదీతీరమున చల్దులారగించుటను వర్ణించిరి. పసులకాపరులు ఇంటినుండి కట్టించుకొనిపోయిన సద్దియే యది. మన బతుకమ్మ పండుగ, 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటింపబడినది, సద్దులతోనే ముగియును. ఆ తొమ్మిది దినముల ఫలహారములను వంటయింటి కన్నుతో చూడుడు. రెండవనాడు అటుకులు, నాలుగవనాడు నానబియ్యము; ఇంటిలో పొయ్యి వెలిగింపక ఈ రెండును సిద్ధమగును. ఆఱవనాడు అలిగిన బతుకమ్మ; ఆనాడు నైవేద్యమే లేదు. పనికాలమున పుట్టిన పండుగ గనుక స్త్రీలే ఇట్లు తమకు తీఱిక కల్పించుకొనిరని నా యూహ. పండితులు కాదన్నను నాకు కోపము లేదు.

సద్దులన్నియు ఒకే తీరున నిలువవు. చింతపండు పులుసును నువ్వులనూనెతో చిక్కగా కాచి జాడీలో నుంచిన వారము దినములు నిలుచును. కావలసినప్పుడు చల్లాఱిన అన్నములో కలుపుకొనవచ్చును. నువ్వుల సద్దికి వేయించి దంచిన పొడి సిద్ధముగా నుండిన చాలును. నిమ్మకాయ సద్ది ఒక పూటకు మంచిది. కొబ్బరి సద్ది అన్నిటికంటె ముందు చెడును. దానిని ఉదయమే తిని ముగింపుడు. పెరుగు సద్దిని రాత్రి కలుపునప్పుడు పెరుగు తగ్గించి కాచి చల్లార్చిన పాలు పోసి, చెంచాడు పెరుగు తోడువేసిన, మఱునాటి మధ్యాహ్నమునకును మితిమీఱి పులియదు. జొన్నరొట్టెలను సన్నని సెగమీద తేమలేకుండ కాల్చి బట్టలో చుట్టి బుట్టలో నుంచిన రెండు దినములు నిలుచును. మిగిలిన రొట్టెలను నలిపి బెల్లము కలిపిన మలీదయగును. పిల్లలకు వేఱు చిరుతిండి అక్కఱలేదు. కందిపొడి, అవిసెగింజల పొడి, పల్లీల పొడి ఒక ఆదివారము దంచుకొనిన రెండు మూడు వారములు కూరకు వెదకుకొనవలసిన పని లేదు. ముద్దపప్పు మాత్రము సద్దికి పనికిరాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. వేడి అన్నముమీద మూతబెట్టి తెల్లవాఱువఱకు పొయ్యిమీదనే యుంచుట మనలో పలువురి అలవాటు. ఇది ప్రమాదము. ఒకజాతి సూక్ష్మజీవుల బీజములు అన్నము ఉడికినను చావవు. గోరువెచ్చని అన్నమున అవి పెరిగి విషము విడుచును. మఱల వేడిచేసినను ఆ విషము పోదు. కావున అన్నమును పళ్లెమున పలుచగా పఱచి త్వరగా చల్లార్చి, కుండలో వేసి, మునుగునంత చల్లని నీరు పోసి, గరిటెడు మజ్జిగ కలుపుడు. ఉదయమునకు కొంచెము పులుపెక్కును. ఆ పులుపే దానికి కాపుదల. జిగురెక్కినను, వాసన మాఱినను పసరమునకు వేయుడు గాని పిల్లకు పెట్టకుడు. సద్దిమూటను పురుగుమందు డబ్బాలున్న సంచిలో పెట్టువారిని నేను చూచితిని. వారికి వేఱుగా చెప్పవలసినదేమున్నది?

ఈ పద్ధతి మా యింట కుదురుకొన్నది 2020వ సంవత్సరమున. ఆ మార్చిలో కరోనా వ్యాధివలన బడులు మూతపడెను. సెప్టెంబరు 1వ తేదీ మొదలు తెలంగాణమున ప్రభుత్వ పాఠశాలల మూడవ తరగతి మొదలు పదవ తరగతివఱకు గల విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారములద్వారా పాఠములు నడచినవి. ఆ శరత్తున ప్రతి యిల్లును బడియే. నా భార్య ఆసుపత్రిలో నర్సు. ఆమె పని వేళలు వారమువారమును మాఱును. నేను ప్రొద్దుననే పల్లెలకు పోవలెను. ఇంట ఇద్దఱు పిల్లలు. ఆదివారము సాయంకాలము నలుగురము కూర్చుండి పొడులు దంచి, పులుసు కాచి, రొట్టెలు చేసితిమి. తక్కిన దినములలో ఉదయము ఆఱు మొదలు ఏడువఱకు చదువు. మొదటి వారము కొబ్బరి సద్ది జిగురెక్కినది. భిన్నములు చెప్పబోయి నేను అరచితిని, పిల్ల యేడ్చినది. అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదును ముంచిన వాన మీకు జ్ఞాపకముండును. మా వీధిలో కరెంటు పోయి ప్రసారములు లేకుండెను. ఆనాడు కందిపప్పు పళ్లెమున పోసి, నాలుగు భాగములు, ఎనిమిది భాగములు చేయించితిని. అరపులతో రాని భిన్నములు అప్పుడు వచ్చినవి.

“మాకు చదువు రాదు, పిల్లలకేమి చెప్పగలము?” అని అడుగువారు గలరు. చెప్పనక్కఱలేదు, అడిగిన చాలును. పట్టాదారు పాసుపుస్తకమును పిల్లచేత బిగ్గరగా చదివింపుడు. ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజములు. మన మూడెకరముల పండ్రెండు గుంటలు మొత్తమెన్ని గుంటలని అడుగుడు. నూఱు కిలోల పత్తిలో తేమ నూటికి 12 అయిన ఎన్ని కిలోల నీరమ్ముచున్నామో లెక్కింపుమనుడు. సంఘమున తీసికొన్న 30,000 రూపాయల అప్పునకు నూటికి ఏడు చొప్పున ఏడాది వడ్డీ యెంత? పిల్ల 2,100 అని చెప్పిన దినమున తండ్రికి గూడ ఆ వడ్డీ మొదటిసారి తేటపడును. సంఘ కార్యాలయపు అరుగు ఉదయము ఖాళీగానే యుండును గదా. చదివిన యువకుడొకడు అచ్చట పది యిండ్ల పిల్లలను కూర్చుండబెట్టుటకు కార్యవర్గమువారు తీర్మానము చేయుట కష్టమా?

ఐనను ఇంటి చదువు బడికి బదులు గాదు. ఆఱు మొదలు పదునాలుగేండ్లవఱకు ఉచిత నిర్బంధ విద్య పిల్లల హక్కని 2009లో చట్టమైనది. 2010 ఏప్రిలు 1 మొదలు అమలునకు వచ్చినది. మంచు గంట చదువు సెలవులలో పాఠము మఱువకుండుటకును, ఏఱుడు దినములలో తప్పిన పాఠము పూరించుటకును మాత్రమే. బడి మాని వయస్సు మీఱినవారికి వేఱు త్రోవ గలదు: 1991లో హైదరాబాదున మొదలైన ఓపెన్ స్కూలు, ఇప్పుడు తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ. పదునాలుగేండ్లు నిండినవారు దానిద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. పంటపనులకు బడి సెలవులిచ్చుట మనకే చెల్లినది గాదు. స్కాట్లండులో అక్టోబరు సెలవులను జనులు నేటికిని ఆలుగడ్డల సెలవులందురు. పూర్వము పిల్లలు గడ్డలేఱుటకు పోయెడివారు. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు ఉత్తరభాగమున కొన్ని బడులు అందుకొఱకు నేటికిని మూయుచున్నారు.

మా అక్క అత్తగారి యూరు సిద్దిపేట దిక్కున. 2020లో ఆమె మనుమరాలు మూడవ తరగతి. తల్లిదండ్రులు ఆ పిల్లను ఏఱుడునకు తీసికొనిపోవుదుమనగా అక్క ఒప్పుకొనలేదు. రాత్రియే రొట్టెలు చేసి బుట్టలో పెట్టి, ఉదయము మంచు ఆఱులోపల మనుమరాలిని కూర్చుండబెట్టి ముందునాటి పాఠము చదివించెడిది. ప్రక్కనే తానును ఒక నోటుపుస్తకము పట్టుకొని కూర్చున్నది. నవంబరులో నేను పోయినప్పుడు దానిని తెచ్చి చూపినది. మొదటి పుటలో పత్తి లెక్క: ఉదయము 14 కిలోలు, మధ్యాహ్నము 19 కిలోలు, మొత్తము 33. కూడిక సరిగానే యున్నది. మధ్యాహ్నమను మాటలో ఒక ఒత్తు తప్పిపోయినది. నేను కలము తీసి దిద్దబోగా అక్క పుస్తకము వెనుకకు లాగికొని, “ఉండనియ్యి తమ్మీ, అది పొల్ల దిద్దుతది” అనెను.