ఆకుపై తెలుపు

పూలకుండీలోని మొక్కపై తెల్లదనము కానవచ్చిన తోడనే పురుగుమందుల దుకాణమునకు పరుగిడుట మనలో ననేకులకు అలవాటు. కాని యా తెలుపు పురుగు కావచ్చును, బూజు కావచ్చును, కేవలము నీటిలోని సున్నము కావచ్చును. ఈ మూడింటిలో నొకదానికి ఔషధమైనది మరియొకదానికి నిష్ప్రయోజనము, ఒక్కొక్కప్పుడు మొక్కకే హానికరము.

ఖమ్మం నగరములోని ఖానాపురం హవేలిలో డాబాలమీదను వసారాలలోను మందారమును, గులాబిని, నందివర్ధనమును బోరు నీటితో పెంచువారు మొదట శంకింపవలసినది ఆ నీటినే. ఈ ప్రాంతమున నేలక్రింద నున్నది గ్రానైటు జాతి శిల. దాని పగుళ్ళలో చిరకాలము నిలిచిన నీరు లవణములను తనలో నిముడ్చుకొని పైకి వచ్చును. దానిని ఆకులపై చిలుకరించినచో వేసవి యెండకు నీరు ఆవిరియై పోయి, బిందువు నిలిచిన చోటనెల్ల తెల్లని మచ్చ మిగులును; కుండీ యంచునను మట్టిపైనను అదియే పొరగా పేరుకొనును. తడిగుడ్డకు లొంగని యీ మచ్చ నిమ్మరసము కలిపిన నీటితో తుడిచినచో కరగును. ఇది రోగము కాదు. నీరు మట్టికే పోయవలెను; వానకాలమున డాబాపై పడు నీటిని పట్టి, అడుగు రంధ్రమునుండి ధారగా పారునంతవరకు కుండీలో పోసినచో మట్టిలోని లవణము కడుగుకొని పోవును.

బూజు జాతిదైన బూడిద తెగులు తీరు వేరు. పగలు పొడిగాను రాత్రులు చల్లగాను ఉండు ధనుర్మాసపు దినములలో, గాలి చొరని మూలనున్న గులాబి లేతాకులపై ముగ్గుపిండి చల్లినట్లు అది వ్యాపించును. వ్రేలితో రాచిన పొడి యంటును, గాని కొలది దినములకే మరల వచ్చును. తెగులు సోకిన రెమ్మలను కత్తిరించి, కుండీలను ఎడముగా జరిపి, లీటరు నీటికి మూడు గ్రాముల చొప్పున నీటిలో కరగు గంధకమును సాయంసమయమున పిచికారి చేయవలెను. మండువేసవిలో గంధకము ఆకును మాడ్చును.

మిక్కిలి ఓర్పు కోరునది పిండినల్లి. ఆకుతొడిమల మూలములందును, మొగ్గల సందులలోను గుంపులుగా చేరి రసము పీల్చు నీ పురుగు, మైనపు పొడిని కప్పుకొని, మెత్తని తెల్లని పోగుల సంచిలో గ్రుడ్లు పెట్టును. మైనముపై పడిన నీరును మందును జారిపోవుటచేతనే ఒక్క పిచికారితో అది నశింపదు. ఇది విసర్జించు తేనెబంకకై చీమలు చేరి, శత్రువులనుండి దీనిని కాపాడును. ఆ బంకపైననే నల్లని మసి పట్టును. కావున కాండము వెంట చీమల బారు కనబడినచో తెలుపు ఏదో చాలవరకు తేలినట్లే. పత్తిచేల గట్లపై పెరుగు వయ్యారిభామ, తుత్తురుబెండ మొక్కలు దీనికి ఆశ్రయములు; ఇంటి చుట్టునున్న వానిని పెరికివేయుటయు చికిత్సలో భాగమే. కొలది పురుగులున్నచో స్పిరిట్లో తడిపిన దూదితో తుడిచిన చాలును. ఎక్కువైనచో లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనెను, కొంచెము సబ్బును కలిపి, ఆకుల అడుగుభాగము తడియునట్లు వారమునకొకమారు, గ్రుడ్లనుండి కొత్త పిల్లలు వచ్చుట మానువరకు, కొట్టవలెను. గంధకమునకును ఈ నూనెకును నడుమ రెండు వారముల ఎడముండుట తప్పనిసరి. రెండును కలిసిన ఆకులు కాలును.

పిండినల్లుల నడుమ వానివలెనే తెల్లగా నుండియు, వానికంటె పెద్దదై, అర అంగుళము వరకు పెరిగి, చురుకుగా నడచు పురుగొకటి కనబడినచో చంపరాదు. అది క్రిప్టోలీమస్ అను అక్షింతల పురుగు పిల్ల. కాఫీతోటల పొలుసుపురుగుల నణచుటకై 1898లో ఆస్ట్రేలియానుండి దక్షిణ భారతమునకు తెప్పించిన జాతి యిది. పిల్లయు, నల్లని రెక్కల తల్లియు పిండినల్లులను భక్షించును. దీని నెరుగక పిండినల్లియే బలిసినదని మందు కొట్టి, మొక్కకు దొరికిన రక్షకుని చంపుకొనువారి సంఖ్య తక్కువ కాదు. ఈ అక్షింతల పురుగున్న కుండీకి వేపనూనెయు సబ్బును మాని, చీమల రాకను మాత్రము అరికట్టవలెను.