వాలితే ట్రాక్‌కి... నిలిస్తే రోడ్డుకి!

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా-ఈ కార్లు దూసుకెళ్లాయి. మామూలు రోజుల్లో అక్కడి ఎన్టీఆర్ మార్గ్ మీద తిరిగేవి ఇంటి కార్లే. రోడ్డు ఒకటే అయినా చక్రాల అమరిక మాత్రం ఒకటి కాదు.

రేసు కారును ఎదురుగా నిలబడి చూస్తే ముందు చక్రాల పైభాగం లోపలికి వాలి కనిపిస్తుంది. ఇదే నెగెటివ్ క్యాంబర్. వేగంగా మలుపు తిరిగేటప్పుడు కారు బయటివైపు ఒరుగుతుంది, చక్రాన్నీ ఒరగదీస్తుంది. ముందే లోపలికి వాల్చి ఉంచితే ఆ క్షణంలో టైరు వెడల్పంతా నేలకు ఆనుతుంది. అందుకే ట్రాక్ మీదికి వెళ్లే కార్లకు రెండు మూడు డిగ్రీలు వాలుస్తారు.

ముచ్చటపడి ఇంటి కారుకూ అలాగే చేయిస్తే? జగిత్యాల నుంచి కోరుట్లకో సిరిసిల్లకో వెళ్లే కారు ఎక్కువసేపు తిన్నగానే నడుస్తుంది. భారం టైరు లోపలి అంచు మీద పడి, అదే ముందుగా అరుగుతుంది. బయటికి టైరు కొత్తగానే ఉంటుంది. గాడులు పోయిన సంగతి వానలో బ్రేకు వేసినప్పుడు గానీ తెలియదు!

రెండింటికీ ఒకే కారు వాడేవాళ్లు ఒకటి, ఒకటిన్నర డిగ్రీల వాలుతో సరిపెట్టుకోవడం మేలు. క్యాంబర్ మార్చితే 'టో' కూడా మారిపోతుంది. టో అంటే నడిచేటప్పుడు మన పాదాల్లా చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం. దాన్ని చివర్లో సరిచేయాలి. చాలా ఇంటి కార్లలో ముందు చక్రాలకు కంపెనీ ఇచ్చే సర్దుబాటు టో ఒక్కటే. క్యాంబర్ తేడా చూపిస్తే సాధారణంగా గుంతలో పడి ఏదో వంగిందనో, బుష్‌లు అరిగాయనో అర్థం.

అలైన్‌మెంట్‌కు ముందు టైర్లలో గాలి సరిచూడమనండి. పనికి ముందు, తర్వాత అంకెలున్న కాగితం అడిగి తీసుకోండి. నెలకోసారి స్టీరింగ్ పూర్తిగా తిప్పి, కారు ఆపి, టైరు లోపలి అంచు తడిమి చూడండి.