పాతిక మైక్రాన్ల పొర, దాని కింది పలక

ఘనస్థితి లిథియం బ్యాటరీ మాట ఎత్తితే ఎవరైనా ముందు ఎలక్ట్రొలైట్ గురించే చెబుతారు. మండే ద్రవం ఉండదు, దాని చోట గట్టి సిరామిక్ ఉంటుంది, ఛార్జింగ్ ఎక్కువ దూరం వస్తుంది అంటారు. ఆ సిరామిక్‌ను పట్టి నిలిపే ఆధారం ఏమిటో, కొలిమిలో దాన్ని దేని మీద పెట్టి కాలుస్తారో అడిగేవాళ్లు తక్కువ. పేటెంటు పరీక్షలో మాత్రం గట్టి ప్రశ్నలు అక్కడే పుడతాయి. ఎందుకో చూడాలంటే ముందు కొంచెం లెక్క చెయ్యాలి.

ల్యాబుల్లో బాగా నలిగిన సిరామిక్ ఎలక్ట్రొలైట్ పేరు ఎల్‌ఎల్‌జెడ్‌ఓ. లిథియం, లాంథనమ్, జిర్కోనియం, ఆక్సిజన్ కలిసిన గార్నెట్ జాతి పదార్థం. గది ఉష్ణోగ్రతలో దాని అయాన్ వాహకత సెంటీమీటరుకు సుమారు 0.0003 సీమెన్స్. దీన్ని మిల్లీమీటరు మందం బిళ్లగా చేస్తే చదరపు సెంటీమీటరు ముక్క నిరోధం 333 ఓమ్‌లు. దాని గుండా 3 మిల్లీయాంపియర్లు తీస్తే ఆ బిళ్లలోనే ఒక వోల్టు హరించుకుపోతుంది. సెల్ ఇచ్చేదే దాదాపు 3.8 వోల్టులు! బరువు లెక్క ఇంకా అన్యాయం. ఘన సెంటీమీటరుకు 5.1 గ్రాముల సాంద్రత కాబట్టి ఆ ముక్క 510 మిల్లీగ్రాములు తూగుతుంది. అంత వైశాల్యంలో 3 మిల్లీయాంపియర్ అవర్లు దాచామనుకుంటే వచ్చే శక్తి 11.4 మిల్లీవాట్ అవర్లు. సెల్‌లో ఇంకే భాగానికీ బరువు లేదనుకున్నా కిలోకు 22 వాట్ అవర్లు దాటదు. కారు బానెట్ కింద ఉండే పాతకాలపు లెడ్ యాసిడ్ బ్యాటరీ కూడా 30 నుంచి 40 ఇస్తుంది.

పొరను 25 మైక్రాన్లకు దించండి. నిరోధం 8.3 ఓమ్‌లకు పడిపోతుంది. పోయేది వోల్టు కాదు, 25 మిల్లీవోల్టులు. బరువు 13 మిల్లీగ్రాములు. అంటే ఎల్‌ఎల్‌జెడ్‌ఓ దొరికినంత మాత్రాన బ్యాటరీ రాదు, దాన్ని పలుచగా చెయ్యగలిగితేనే వస్తుంది. చిక్కేమిటంటే పాతిక మైక్రాన్ల సిరామిక్ ఒంటరిగా నిలబడదు. వంచితే పుటుక్కుమంటుంది. అందుకే ఆధారం కావాలి. అది రెండు రకాలు: సెల్‌లోనే ఉండిపోయేది ఒకటి, కొలిమిలో పని ముగించుకుని బయటకు వెళ్లిపోయేది ఇంకొకటి.

ఉండిపోయేదాని సంగతి చూద్దాం. సన్నటి పాలిమర్ నారల వల గానీ, రంధ్రాలున్న సిరామిక్ చట్రం గానీ తీసుకుని దాని ఖాళీల్లో ఎలక్ట్రొలైట్ నింపుతారు. వలకు బలం ఉంటుంది గానీ అయాన్లను దాటనివ్వదు. కనుక ఎంత వల ఉంటే అంత నష్టం. బ్రగ్‌మన్ 1935లో ఇచ్చిన అంచనా సూత్రం ప్రకారం ఖాళీల వాటాను 1.5 ఘాతానికి హెచ్చిస్తే మిగిలే వాహకత వాటా వస్తుంది. ఖాళీలు 90 శాతం ఉంటే మన 8.3 ఓమ్‌లు దాదాపు 9.8 అవుతాయి. 70 శాతమైతే 14. 40 శాతానికి దిగితే 33.

ఇప్పుడు ఒక పేటెంటు దరఖాస్తులో మొదటి క్లెయిము, అంటే కోరే హక్కు హద్దు చెప్పే వాక్యం, ఇలా ఉందనుకుందాం: "40 నుంచి 90 శాతం రంధ్రత గల ఆధారం." చదవడానికి సాదాసీదాగా ఉంది. కానీ ఆ రెండు చివరల మధ్య నిరోధం మూడు రెట్లకు పైగా మారిపోతోంది. స్పెసిఫికేషన్ అనే వివరణ పత్రంలో చేసి చూపిన నమూనాలన్నీ 75, 80 దగ్గరే ఉంటే 40 శాతం ఎక్కణ్నుంచి వచ్చింది? చేసి చూడని చోట కూడా జెండా పాతుతున్నారా? 1970 పేటెంట్ల చట్టం 10(5) సెక్షన్ ప్రకారం క్లెయిము స్పష్టంగా, క్లుప్తంగా ఉండాలి, వెల్లడించిన విషయం మీద న్యాయంగా నిలబడాలి. ఎగ్జామినర్ చేతిలోని పదునైన పనిముట్లలో ఇదొకటి. నా మటుకు నేను క్లెయిములోని ప్రతి అంకె పక్కనా పెన్సిల్‌తో ఒక గీత గీసి, దాన్ని మోసే ప్రయోగం స్పెసిఫికేషన్‌లో ఏ పట్టికలో ఉందో వెతుకుతాను. కొన్నిటికి దొరకదు.

రెండో రకం ఆధారం కథ దీనికన్నా రుచిగా ఉంటుంది. ఆత్రేయపురంలో పూతరేకు అంత పలుచగా ఊడి రావడానికి పిండితో పాటు బోర్లించిన కుండ నునుపూ కారణమే. గార్నెట్ పొర విషయంలోనూ కింది పలకదే పెత్తనం. పొరను 1100 డిగ్రీల పైచిలుకు వేడిలో కాల్చాలి. ఆ వేడికి లిథియం ఆవిరైపోతుంటుంది. పైగా కింద ఉన్న పలకతో రసాయన చర్య జరుపుతుంది. పలక గరుకుగా ఉంటే పొర అతుక్కుంటుంది, ఊడదీస్తే పగులుతుంది. అందుకే సెట్టర్ పలక అనే ఈ కింది పలక మీదే విడిగా పేటెంట్లున్నాయి. అమెరికా కంపెనీ క్వాంటమ్‌స్కేప్ లిథియం గార్నెట్‌తోనే సెట్టర్ పలకలు చేసే పద్ధతికి పేటెంట్లు తీసుకుంది. కింద ఉన్నదీ పైన ఉన్నదీ ఒకే జాతి అయితే లిథియం దొంగతనం తగ్గుతుందన్నది అందులో ఆలోచన.

పలక ఎంత పని చేస్తుందో శాస్త్రలోకం కూడా ఆలస్యంగానే గ్రహించింది. ఎల్‌ఎల్‌జెడ్‌ఓను 2007లో రామస్వామి మురుగన్, వెంకటరామన్ తంగదురై, వెర్నర్ వెప్నర్ ప్రకటించారు. దాన్ని అల్యూమినా మూసలో 1230 డిగ్రీల దగ్గర కాల్చారు. 2009లో జపాన్ శాస్త్రజ్ఞులు అదే ఫార్ములాతో చేస్తే వచ్చిన పదార్థం వేరే స్ఫటిక రూపంలో ఉంది. దాని వాహకత 0.0000016 సీమెన్స్ దగ్గరే ఆగింది. రాసుకున్న పేరు ఒకటే, తేడా మాత్రం దాదాపు 190 రెట్లు. 2011లో గైగర్ బృందం గుట్టు విప్పింది: మూస నుంచి కొద్దిపాటి అల్యూమినియం పదార్థంలోకి చేరుతోంది, బాగా పనిచేసే ఘనాకార స్ఫటికాన్ని గది ఉష్ణోగ్రతలో నిలబెడుతున్నది అదే. పాత్ర అనుకున్నది కాస్తా దినుసుగా మారింది.

ఈ ఒక్క ఉదంతం పేటెంటు చట్టంలో మూడు సెక్షన్లను తట్టి లేపుతుంది. మొదటిది 10(4). కనిపెట్టినదాన్నీ, దాన్ని చేసే అత్యుత్తమ పద్ధతినీ దరఖాస్తుదారు పూర్తిగా చెప్పాలి. "1200 డిగ్రీల వద్ద 6 గంటలు కాల్చాము" అని రాసి మూస దేనితో చేసిందో రాయకపోతే, ఇంకొకరు మెగ్నీషియా మూసలో అదే చేస్తే, ఫలితం 190 రెట్లు తక్కువ రావచ్చు. అలాంటి వెల్లడి చాలదు. రెండోది 3(డి). తెలిసిన పదార్థానికి కొత్త స్ఫటిక రూపం, కొత్త కణ పరిమాణం లాంటివి సామర్థ్యంలో గణనీయమైన తేడా చూపకపోతే పేటెంటుకు పనికిరావు. ఈ సెక్షన్ పేరు మందుల కేసుల్లోనే వినిపిస్తుంది. కానీ 2013లో నోవార్టిస్ తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు సామర్థ్యమంటే ఆ వస్తువు చెయ్యాల్సిన పనిని బట్టి చూడాలంది. బ్యాటరీ పొరకు ఆ పని అయాన్లను దాటించడమే కాబట్టి ఇక్కడ కొలమానం సీమెన్స్. 190 రెట్ల తేడా ఉన్నవాడు ధైర్యంగా వాదించుకోవచ్చు. 1.2 రెట్లవాడికి కష్టం. మూడోది 3(ఇ). పాలిమర్ వల బలాన్నీ, సిరామిక్ వాహకతనూ ఒకచోట చేర్చి మిశ్రమం అంటే చాలదు. విడివిడి గుణాల మొత్తం కంటే మించినదేదో అంకెల్లో చూపాలి. ఆధార పదార్థాల దరఖాస్తులకు ఎక్కువగా కాలడ్డేది ఇదేనని నా అభిప్రాయం.

ఈ పరీక్ష జరిగేచోట్లలో పెద్ద చిరునామా కోల్‌కతా. సాల్ట్ లేక్ సెక్టార్ 5లోని బౌద్ధిక్ సంపదా భవన్ భారత పేటెంటు ఆఫీసుకు కేంద్ర కార్యాలయం. చెన్నై, ఢిల్లీ, ముంబయిల్లో ఉన్నవి శాఖలు. ఈ దేశంలో పేటెంటు మొదలైంది కూడా ఈ ఊళ్లోనే. 1856 మార్చి 3న గ్రాంట్స్ లేన్‌లో ఉండే జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెనింగ్ అనే సివిల్ ఇంజనీరు పంకా లాగే యంత్రానికి మొదటి దరఖాస్తు పెట్టాడు. ఆ ఏటి చట్టం ఇచ్చిన హక్కు 14 ఏళ్లకు. బ్రిటిష్ రాణి అనుమతి తీసుకోలేదని ఆ చట్టాన్నే మరుసటి ఏడాది రద్దు చేశారు, 1859లో కొత్తది తెచ్చారు. ఇప్పుడు హక్కు 20 ఏళ్లు. నగరానికి బ్యాటరీతోనూ, సిరామిక్‌తోనూ పాత చుట్టరికాలే ఉన్నాయి: ఎక్సైడ్ కంపెనీ ప్రధాన కార్యాలయం చౌరంగీలో ఉంది, 1950లో మొదలైన కేంద్ర గాజు, సిరామిక్ పరిశోధన సంస్థ జాదవ్‌పూర్‌లో ఉంది.

తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు పరిధి ప్రకారం చెన్నై శాఖలో వెయ్యాలి. అయితే పరీక్షను నాలుగు ఆఫీసుల్లో ఎక్కడి ఎగ్జామినర్‌కైనా కేటాయిస్తారు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ నుంచో, ఏదో యూనివర్సిటీ నుంచో వెళ్లిన ఫైలు కోల్‌కతాలో తెరుచుకోవచ్చు. పేటెంటు కంట్రోలర్ తిరస్కరిస్తే అప్పీలు హైకోర్టుకు వెళుతుంది. 2021లో మేధోసంపత్తి అప్పీళ్ల బోర్డును ఎత్తేశాక వచ్చిన మార్పు ఇది.

గడువుల లెక్క సూటిగా చెబుతాను. దరఖాస్తు 18 నెలలకు ప్రచురితమవుతుంది. పరీక్ష జరపమని విడిగా అడగాలి. దానికి ఇదివరకు 48 నెలలు ఉండేవి, 2024 మార్చి 15 నుంచి వేసిన దరఖాస్తులకు 31 నెలలే. తొలి పరీక్షా నివేదిక అందాక 6 నెలల్లో జవాబివ్వాలి, అడిగితే ఇంకో 3 నెలలు దొరుకుతాయి. రుసుములో 30 పేజీలు, 10 క్లెయిములు కలిసి ఉంటాయి. ఆపైన ప్రతి పేజీకీ, ప్రతి క్లెయిముకీ విడిగా కట్టాలి. 45 పేజీలు, 18 క్లెయిముల దరఖాస్తును ఆన్‌లైన్‌లో వేస్తే స్టార్టప్‌కు గానీ విద్యాసంస్థకు గానీ 1,600తో మొదలై 6,560 రూపాయలవుతుంది. పెద్ద కంపెనీకి 32,800. పరీక్ష రుసుము వీళ్లకు వరుసగా 4,000, 20,000. అంటే అంకెలు ఎక్కువ పేర్చినకొద్దీ ఖర్చు పెరుగుతుంది, ఎగ్జామినర్ దగ్గర దెబ్బ తగిలే చోట్లూ పెరుగుతాయి.

పరీక్ష వేగం ఈమధ్య విపరీతంగా పెరిగింది. 2014-15లో దేశం మొత్తం మీద ఇచ్చిన పేటెంట్లు 5,978. 2022-23లో 34,134. ఆ మరుసటి ఏడాది లక్ష దాటాయి. పనిదినానికి 250 అని ప్రభుత్వం ఘనంగా చెప్పుకుంది. ఏళ్లతరబడి ఫైళ్లు మూలిగిన రోజులు పోవడం మంచిదే. కాకపోతే మూస దేనితో చేశారని ఒక ఎగ్జామినర్ అడగాలంటే ఆ ఫైలు మీద ఆయనకు కొంత సావకాశం ఉండాలి. 250 అన్న అంకెలో ఆ సావకాశం ఎంతో కనిపించదు.

కంపెనీలకు ఇదంతా ఎందుకంటే, 2007లో వేసిన ఏ దరఖాస్తుకైనా 20 ఏళ్ల గడువు 2027లో ముగుస్తుంది. మూల పదార్థాల మీద పాత హక్కులు ఒక్కొక్కటే తీరిపోతున్న సమయానికి, వాటిని పలుచగా నిలిపే వలల మీద, పలకల మీద తర్వాత వేసిన దరఖాస్తులు నిండు ఆయుష్షుతో ఉంటాయి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా 9,500 కోట్ల ప్రణాళికతో, 16 గిగావాట్ అవర్ల లక్ష్యంతో తలపెట్టింది లిథియం అయాన్ సెల్‌ల ఫ్యాక్టరీ. అలాంటి చోట రేపు ఘనస్థితి లైను వెయ్యాలనుకుంటే ముందుగా తిరగెయ్యాల్సింది ఈ ఆధారాల ఫైళ్లనే. ఘన ఎలక్ట్రొలైట్లవి అంతర్జాతీయ వర్గీకరణలో హెచ్01ఎం 10/0562 కింద ఉంటాయి. కాల్చే పలకలు అక్కడే దొరుకుతాయన్న హామీ లేదు, సిరామిక్‌ల వర్గాల్లోనూ కొలిముల వర్గాల్లోనూ కూడా వెతకాలి. పేటెంటు ఆఫీసు వారి ఇన్‌పాస్ అనే వెబ్ శోధన ఉచితం. ప్రచురితమైన దరఖాస్తు తెరిస్తే ఎగ్జామినర్ అభ్యంతరాలూ, వాటికి దరఖాస్తుదారు ఇచ్చిన జవాబులూ చదువుకోవచ్చు. 40 నుంచి 90 అని మొదలైన రంధ్రత 72 నుంచి 83కి కుంచించుకుపోయిందా లేదా అన్నది ఆ జవాబుల్లోనే తేలుతుంది.